చాలా ఏళ్ళ తర్వాత పాపసంకీర్తనానికి వెళ్తున్నాను, మీ అనుభవాలు చెప్పండి

పానగల్లు ఆడపడుచు
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పక్కనే. పెళ్ళయినప్పటి నుంచి నేను పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం, చేయలేదు. పెద్దవాడు ఇప్పుడు ఐదో తరగతి, కాబట్టి ఎంతకాలమైందో మీరే లెక్క వేసుకోండి. ఈ పాస్కా (ఈస్టర్) పండుగకు వాడికి మొదటిసారి దివ్యసత్ప్రసాదం ఇస్తారు. తల్లిదండ్రులు కూడా ముందుగా పాపసంకీర్తనం చేసి సిద్ధపడాలని సత్యోపదేశం తరగతిలో సిస్టరు గారు చెప్పి పంపారు. వాడు ఇంటికి వచ్చి పుస్తకాల సంచీ అయినా దించకుండా "అమ్మా, నువ్వు ఏ పాపాలు చెబుతావు?" అని అడిగాడు.

నా ఇబ్బంది దేవుడితో కాదు. మా విచారణ (పారిష్) గురువులు నెలకోసారి మా ఇంటికి భోజనానికి వస్తారు. మా వారు గుడి కమిటీలో ఉన్నారు. నా గొంతు ఆ గురువులకు బాగా తెలుసు. పైగా నా కోపాల గురించి చెప్పాలంటే సగం మా అత్తగారి పాపాలే చెప్పాల్సి వస్తుంది! గుడిలో ముఖం కనబడకుండా చెప్పుకోవడానికి జాలీ ఉన్న పెట్టె ఒకటి ఉంది కానీ అందులో విరిగిన బల్లలు, క్రిస్మస్ పశువుల పాక సామాను పేర్చారు. గురువులు బలిపీఠం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, మనం ఎదురుగా మోకరించాలి.

మీలో వెళ్ళేవాళ్ళు, మానేసినవాళ్ళు, మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు మీకు జరిగింది రాయండి. ఉపదేశాలు మాత్రం వద్దు, అవి ఇంట్లో పుష్కలంగా దొరుకుతున్నాయి.

నిర్వాహకుడు
చర్చ కొనసాగించండి. ఏ గురువు పేరూ, ఏ విచారణ పేరూ రాయవద్దు. లోపల జరిగింది బయట చెప్పుకునే స్వేచ్ఛ మనకు ఉంది. గురువుకు లేదు. మీరు తప్పుగా రాసినా ఆయన "అలా జరగలేదు" అని కూడా అనలేరు. ఆ సంగతి మనసులో పెట్టుకుని రాయండి.

హాస్టలు పాత విద్యార్థి
మా హాస్టలులో ఆ వ్యవహారం శనివారం సాయంత్రం జరిగేది. వరుసలో నిలబడే పాపాలు పంచుకునేవాళ్ళం. అబద్ధాలు ఆడాను, పూజలో మాట్లాడాను, తమ్ముడిని కొట్టాను. తమ్ముడే లేనివాడు కూడా తమ్ముడిని కొట్టేవాడు. ప్రాయశ్చిత్తం అందరికీ ఒకటే, మూడు మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన). ఒక గురువు విసిగిపోయి, "ఇంతమంది ఇన్నిసార్లు కొట్టినా ఆ తమ్ముళ్ళు ఇంకా బతికే ఉన్నారా?" అని అడిగారు.

నవ్వులాటకు రాశాను కానీ విషయం ఉంది. నాకు ముప్పై దాటాక కూడా మోకరించగానే నోటికి అదే పట్టీ వచ్చింది. అప్పులు, తాగుడు, భార్యతో మాటలు మానేయడం, ఇవేవీ రాలేదు. తమ్ముడిని కొట్టానని మాత్రం చెప్పబోయాను. చిన్నప్పుడు నేర్పిన పద్ధతిని పెద్దవాళ్ళకు ఎవరూ మళ్ళీ నేర్పరు. మానేసినవాళ్ళలో చాలామంది విశ్వాసం పోయి మానేయలేదు, చెప్పడం రాక మానేశారు అని నా అభిప్రాయం.

సత్యోపదేశం మాస్టారు
అమ్మా ఆడపడుచు గారూ, ఉపదేశం వద్దన్నారు కాబట్టి సమాచారం మాత్రమే ఇస్తాను. నాది హుజూర్‌నగర్ వైపు, పిల్లలకు చాలాకాలంగా సత్యోపదేశం చెబుతున్నాను.

మీరు మీ విచారణ గురువు దగ్గరకే వెళ్ళాలన్న నియమం ఎక్కడా లేదు. 1983 నాటి తిరుసభ చట్టంలో 991వ నియమం చూడండి. అధికారం ఉన్న ఏ గురువు దగ్గరైనా, మీకు నచ్చిన చోట పాపసంకీర్తనం చేయవచ్చు. జాలీ విషయం 964లో ఉంది. గురువుకూ మనకూ మధ్య స్థిరమైన జాలీ ఉన్న చోటు గుడిలో ఉండాలి, కోరుకున్నవాళ్ళు దాన్ని వాడుకోగలగాలి. అంటే ఆ పశువుల పాకను బయటకు తీయించమని మీ వారి చేత కమిటీలో అడిగించవచ్చు.

ఆ జాలీకి ఒక చరిత్ర ఉంది. పదహారో శతాబ్దంలో ఇటలీలోని మిలాను అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) పునీత చార్లెస్ బొర్రోమియో గారు ఇలాంటి పెట్టెలను తన గుడులన్నింటిలో చేయించారు. ముఖ్యంగా ఆడవాళ్ళ కోసమే. మన ప్రాంతంలో పనిచేసిన పీమె అనే మిషనరీ సభ గురువులు కూడా ఆ మిలాను నుంచి మొదలైన సభవారే. 1976లో నల్లగొండ మేత్రాసనం (డయోసీసు) ఏర్పడినప్పుడు మన తొలి పీఠాధిపతి (బిషప్పు) ఆ సభకు చెందినవారే.

తపస్సు కాలంలో, అంటే పాస్కాకు ముందు నలభై రోజుల్లో, చాలా విచారణల్లో ఒక సాయంత్రం ఉమ్మడి పశ్చాత్తాప ప్రార్థన పెడతారు. చుట్టుపక్కల నుంచి నలుగురైదుగురు గురువులు వస్తారు. వాళ్ళలో మిమ్మల్ని ఎరగని ఒకరి వరుసలో నిలబడండి. మా వైపు మఠంపల్లి శుభవార్త దేవాలయం పండుగ కూడా మార్చిలోనే వస్తుంది. బయట ఎడ్ల బండలాగుడు పోటీల హోరు, లోపల పాపసంకీర్తనం వరుస. ఆ సందడిలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరు?

పానగల్లు ఆడపడుచు
వేరే చోటికి వెళ్ళవచ్చని నిజంగా తెలియదు మాస్టారూ, ధన్యవాదాలు. కానీ మా అత్తగారి సిద్ధాంతం వేరు. సొంత గుడి ఉండగా పక్క ఊరికి వెళ్ళిందంటే ఏదో పెద్దదే చేసి ఉంటుంది అంటారు.

ఇంకో సందేహం. నేను చెప్పింది విన్నాక ఆయన మా ఇంట్లో కూర్చుని అన్నం తింటూ మా అత్తగారిని ఇంకోలా చూడరా? నాకు అసలు భయం అదే.

సెమినరీ వదిలేసినవాడు
దీనికి నేను చెబుతాను. కొన్నేళ్ళు గురువిద్య చదివి బయటకు వచ్చేశాను, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉపాధ్యాయుడిని. అభిషేకానికి ముందు మాకు దీనిలో అభ్యాసం ఉంటుంది. తోటి విద్యార్థులు పాపులుగా నటిస్తారు, మనం వినాలి. మావాళ్ళు ఎక్కడలేని కల్పనాశక్తి అప్పుడే చూపించేవాళ్ళు.

రహస్యం అంటే బయట చెప్పకపోవడం ఒక్కటే అని అందరూ అనుకుంటారు. 984వ నియమం ఇంకా ముందుకు వెళ్తుంది. రహస్యం బయటపడే ప్రమాదం ఏమీ లేకపోయినా, విన్నదాన్ని మీకు ఇబ్బంది కలిగేలా ఎక్కడా వాడుకోకూడదు. మీ గురించి తెలిసిందని మీ వారిని కమిటీ నుంచి తప్పించకూడదు. మీ అత్తగారికి భోజనాల దగ్గర నీతులు చెప్పకూడదు. మీరు ఎత్తనిదే ఆ విషయం మీతో కూడా బయట ఎత్తకూడదు. రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకు ఎవరూ తీర్పు చెప్పనక్కరలేకుండా ఆ క్షణమే వెలి. ఆ వెలిని తొలగించే అధికారం రోముకే ఉంది.

మరో మాట, గురువులు కూడా ఇంకొక గురువు ముందు మోకరించాల్సిందే. పోపు గారికి కూడా మినహాయింపు లేదు. ఒక పెద్దాయన మాకు చెప్పేవారు, పండుగ ముందు సాయంత్రం మూడు గంటలు కూర్చుంటే చివరకు గుర్తుండేది నడుము నొప్పి ఒక్కటే అని.

అయితే అక్కా, అత్తగారి పాపాలు అత్తగారికే వదిలేయండి. "కోపంతో మాట అన్నాను" అంటే చాలు. ఎందుకు కోపం వచ్చిందో వివరించడం మొదలుపెడితే అది వకాలతు అవుతుంది.

జడ్చర్ల మెన్నోనైటు
నేను మీ సభవాడిని కాను. మాది మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం, పాలమూరులో మావాళ్ళు చాలామంది ఉన్నారు. మా అమ్మ పుట్టిల్లు మాత్రం కాథలిక్కు. గొడవకు రాలేదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. మన పాపాలను మనం ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు అని యోహాను మొదటి లేఖలో ఉంది కదా. మధ్యలో మనిషి ఎందుకు?

ఇది అడిగాక మా సంగతి కూడా చెప్పాలి. మా సంఘంలో ఒకాయన రెండో కాపురం పెట్టాడని తెలిసి, ప్రభువు బల్లకు ముందు అందరి ఎదుట నిలబెట్టి ఒప్పించారు. సాయంత్రానికి ఆ కథ బస్టాండు దాకా వెళ్ళింది. ఆయన మళ్ళీ మందిరం గడప తొక్కలేదు. అమ్మ అప్పుడు ఒకే మాట అంది, "మా వైపైతే ఫాదరు ఒక్కడికే తెలిసేది."

సత్యోపదేశం మాస్టారు
మీ అమ్మగారు గట్టి మాట అన్నారు బాబూ. తొలి శతాబ్దాల్లో మా వైపు కూడా ఘోర పాపాలకు బహిరంగ ప్రాయశ్చిత్తమే ఉండేది. అది బతుకంతటికీ ఒక్కసారే. అందుకే చాలామంది మరణశయ్య దాకా వాయిదా వేసేవారు. తర్వాత ఐర్లండు సన్యాసులు రహస్యంగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని యూరపు అంతటా తీసుకువచ్చారు. 1215లో నాలుగో లాతరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా తప్పనిసరి అని నిర్ణయించింది. మనిషి ఎందుకంటారా, మీరెవరి పాపాలను క్షమిస్తారో అవి క్షమించబడతాయని ప్రభువు శిష్యులకు చెప్పిన మాట యోహాను సువార్త 20:23లో ఉంది. మేము దాని మీద నిలబడతాం. మీరు దాన్ని వేరుగా చదువుతారని తెలుసు, ఇక్కడ తేలేది కాదు.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. నా సంగతి రాస్తాను.

ధాన్యం కాంటా దగ్గర నా కొలువు. తేమ ఎక్కువ, తాలు ఎక్కువ అంటూ తరుగు తీస్తాం. కొంత న్యాయమే, వడ్లలో తాలు ఉంటుంది. ఎంత న్యాయం, ఎక్కడి నుంచి అన్యాయం అన్నది కాంటా ముందు నిలబడ్డ రైతుకూ తెలుసు, రాసే నాకూ తెలుసు. ఎదురు చెప్పేవాడికి తక్కువ, భయపడేవాడికి ఎక్కువ. రెండు రాత్రులుగా వడ్ల కుప్ప మీద పడుకున్నవాడు ఇంకో రాత్రి ఆగలేడు, అది కూడా మాకు తెలుసు.

తపస్సు కాలంలో వెళ్ళి దొంగతనం చేశానని చెప్పాను. మూడు జపాలు ఇచ్చి పంపుతారనుకున్నాను. ఆయన వదల్లేదు. ఎంత, ఎవరిది, నీ చేతికి వచ్చిందెంత, యజమాని గల్లాకు పోయిందెంత అని అడిగారు. నాకు సీజను చివర ఇచ్చే బహుమానం అందులోంచే వస్తుందని ఒప్పుకున్నాను. "అయితే నీ వాటా తిరిగి ఇవ్వాలి. క్షమాపణ దేవుడు ఇస్తాడు, వడ్లు నువ్వు ఇవ్వాలి" అన్నారు. ఆ రైతులు ఎవరో, ఏ ఊరివాళ్ళో ఎలా పట్టుకోను అన్నాను. తెలిసినవాళ్ళకు నేరుగా ఇవ్వు, తెలియనివాళ్ళది పేదలకు చేర్చు అన్నారు.

అక్కడితో అయిపోలేదు. "రేపు కాంటా దగ్గర ఏమి చేస్తావు?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. యజమాని చెప్పినట్టు చేయకపోతే ఉద్యోగం పోతుంది. ఇక చేయనన్న తీర్మానం లేకుండా పాపవిమోచనం ఇవ్వలేనని, ఆలోచించుకుని రమ్మని ఆశీర్వదించి పంపించారు. కోపంతో లేచి వచ్చాను. జపమాల వేసుకునే ముసలమ్మలకు క్షమాపణ, మాలాంటివాళ్ళకు లెక్కల పరీక్షా అనుకున్నాను.

పాస్కాకు ముందు మళ్ళీ వెళ్ళాను. అప్పటికి కాంటా నుంచి లెక్కల గదికి మార్పించుకున్నాను, జీతం కాస్త తగ్గింది. ఆయన విమోచనం ఇచ్చారు. ఇప్పుడు కాంటా దగ్గర వేరే కుర్రవాడు కూర్చుంటున్నాడు. తరుగు మాత్రం అలాగే తీస్తున్నారు.

సూర్యాపేట రైతుబిడ్డ
గుమాస్తా గారూ, మా నాన్న ఆ వరుసలో నిలబడ్డవాడే, మీ మిల్లు కాకపోవచ్చు. తెలియనివాళ్ళది పేదలకు ఇచ్చారు, మంచిదే. కానీ మా నాన్న కూడా పేదవాడే కదా. ఆయనకు ఏమీ రాలేదు.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా
కాదనలేను తమ్ముడూ. నాకు ముఖాలు గుర్తున్న ఇద్దరు ముగ్గురికి ఇచ్చాను. ఒకాయన ఎందుకిస్తున్నానో అడగకుండానే తీసుకున్నాడు. ఇంకొకాయన తిట్టాడు.

హాస్టలు పాత విద్యార్థి
విమోచనం ఇవ్వకుండా పంపడం మరీ కఠినం అనిపిస్తుంది నాకు. యజమానిని పిలిచి ఎవరు అడుగుతారు? ఆయన ఏ గుడికీ రాడు. కింద కూర్చున్నవాడి మెడకే చుట్టుకుంటుంది ఎప్పుడూ.

సెమినరీ వదిలేసినవాడు
కఠినమే. అయినా నాకు ఆ గురువు మీద గౌరవం కలిగింది. అందరికీ మూడు జపాలు ఇచ్చి పంపడం ఆయనకు ఎంత సులువు! సువార్తలోని సుంకరి జక్కయ్య కథలో కూడా నాలుగింతలు తిరిగి ఇస్తాననే మాట ఉంది, మనం ప్రసంగాల్లో చెట్టెక్కిన భాగం దగ్గరే ఆగిపోతాం.

వనపర్తి సందేహి
అందరూ గొప్పగా చెబుతున్నారు, నేను చేదు మాట చెబుతాను. 2018లో కేరళలో పాపసంకీర్తనంలో చెప్పిన విషయాలతో ఒక వివాహితను బెదిరించారని గురువుల మీద కేసు నడిచింది. జాతీయ మహిళా కమిషన్ ఈ పద్ధతినే రద్దు చేయాలని అప్పట్లో సిఫారసు చేసింది. నియమాలు పుస్తకంలో ఎన్ని ఉన్నా ఏమి లాభం?

గద్వాల నర్సు
ఆ కేసు కాథలిక్కు సభది కాదు, మలంకర ఆర్థడాక్స్ సభది. కమిషన్ సిఫారసును కాథలిక్కు పీఠాధిపతులు గట్టిగా వ్యతిరేకించారు, ప్రభుత్వమూ దాన్ని ముందుకు తీసుకువెళ్ళలేదు. కానీ "మనది కాదు" అని చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. భయం ఎక్కడైనా భయమే.

నేను క్రమంగా వెళ్తాను, కాబట్టి ఆడపడుచు గారికి చెబుతున్నాను. గుడి తెరిచి ఉన్నప్పుడు, నలుగురూ కనిపించేచోటే వెళ్ళండి. ఆఫీసు గదికి రమ్మంటే వద్దు, ఇక్కడే చేస్తాను అనండి. చెప్పాల్సింది పాపం, దాని తీవ్రత. దానిలో పాలుపంచుకున్న మనిషి పేరు గురువు అడగకూడదు, అది 979వ నియమంలోనే ఉంది. సంసారం గురించి ఒకసారి నన్ను అక్కరలేని వివరం అడిగారు. "అది అవసరమా ఫాదర్?" అన్నాను. ఆయన వెంటనే ఆపేశారు. ఆపకపోతే లేచి వచ్చేదాన్ని. లేచి రావడం పాపం కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకు పడాలి, మానేస్తే పోలేదా అని మా చెల్లెలు అంటుంది. కోవిడ్ రోజుల్లో మా వార్డులో ఒక రాత్రి జరిగింది నేను ఇంకెవరికీ చెప్పలేకపోయాను. అక్కడ చెప్పాను. ఆయన ఏమీ బోధించలేదు. ఆ రోగి పేరు మీద ఒక పూజ చేయించమన్నారు, అంతే. ఇక్కడ అంతకంటే రాయను.

గ్రూప్స్ అభ్యర్థి
ఇది అడగడానికే ఖాతా తెరిచాను. మేము మూడు తరాలుగా కాథలిక్కులం. నా సర్టిఫికెట్టులో మాత్రం హిందూ ఎస్సీ అని ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను ఇక్కడ బీసీ-సీలో పెడతారు, దానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. ఉద్యోగం కోసమే హిందువునని చెప్పుకోవడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో తీర్పు కూడా ఇచ్చింది. ఊరిలో మమ్మల్ని బావి దగ్గర నిలబెట్టినవాళ్ళు జ్ఞానస్నానం అయిందా అని అడగలేదు. నేను ప్రతి దరఖాస్తులో అబద్ధం రాస్తున్నానా? ఇది పాపసంకీర్తనంలో చెప్పాలా?

ఇద్దరు గురువులకు చెప్పాను. ఒకరు అది అబద్ధమే, చట్టం అన్యాయమైనా అబద్ధం అబద్ధమే అన్నారు. ఇంకొకరు చాలాసేపు మౌనంగా ఉండి, నీ కడుపు మీద కొట్టిన చట్టం సంగతి దేవుడు వేరేగా అడుగుతాడు అన్నారు. ఆయన కూడా మా వాడకట్టు నుంచి వచ్చినవారే. నేను ఎవరి మాట వినాలి?

దేవరకొండ తండా
తమ్ముడూ, నేను లంబాడాను. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు, కాబట్టి నా సర్టిఫికెట్టుతో నాకు చిక్కు రాలేదు. అదే గుడిలో అదే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటాం, నీకు పాపమైనది నాకు కాలేదు. చట్టంలో గీత ఎక్కడ గీశారో దాన్ని బట్టి పాపం మారుతుందా అని నాకూ అనుమానమే.

సత్యోపదేశం మాస్టారు
బాబూ, ఇది నీ ఒక్కడి ఆత్మపరిశోధనతో తేలే చిక్కు కాదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోసం మన పీఠాధిపతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. అంటే ఈ గురువులందరికీ నీ పరిస్థితి తెలుసు. మొదటి గురువు చెప్పింది తప్పని నేను అనలేను. రెండో ఆయన దగ్గరకు మళ్ళీ వెళ్ళమని మాత్రం చెబుతాను. దరఖాస్తు విషయంలో మాత్రం గురువును కాదు, మంచి వకీలును అడుగు.

పుణెలో పాలమూరువాడు
మాట మార్చుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను నారాయణపేట వైపు నుంచి వచ్చి పుణెలో మేస్త్రీ పని చేస్తున్నాను. ఇక్కడ గురువుకు తెలుగు రాదు. నాకు హిందీ పనికి సరిపడా వస్తుంది, పాపాలకు సరిపడా రాదు. క్రిస్మస్ ముందు తెలుగులోనే చెప్పేశాను. ఆయన తలాడించి, హిందీలో ఏదో చెప్పి విమోచనం ఇచ్చారు. అది చెల్లుతుందా? ఇంకొకటి, ఊరిలో అమ్మ మంచాన పడింది. మా గురువుకు ఫోను చేసి ఆమె చేత ఫోనులో పాపసంకీర్తనం చేయించవచ్చా?

సత్యోపదేశం మాస్టారు
మీది చెల్లుతుంది, దిగులు వద్దు. మీ పశ్చాత్తాపం ఆయనకు అర్థమైంది కాబట్టే విమోచనం ఇచ్చారు. కావాలంటే దుబాసీని పెట్టుకోవడానికి 990వ నియమం అనుమతిస్తుంది, ఆ దుబాసీకి కూడా రహస్యం పాటించే బాధ్యత ఉంటుంది. ఊరికి వచ్చినప్పుడు తెలుగులో ఇంకోసారి చెప్పుకుంటే మీకే తేలిక.

ఫోనులో మాత్రం చెల్లదు. గురువు, చెప్పుకునే మనిషి ఒకచోట ఉండాలి. కోవిడ్ సమయంలో కూడా దాన్ని అనుమతించలేదు. గురువు దొరకనివాళ్ళు పూర్ణ పశ్చాత్తాపంతో దేవుడికే చెప్పుకుని, వీలైనప్పుడు పాపసంకీర్తనం చేయమని పోపు ఫ్రాన్సిస్ గారు 2020 మార్చిలో చెప్పారు. మీ అమ్మగారి కోసం ఫోను చేయండి, కానీ ఇంటికి రమ్మని అడగడానికి. చాలా విచారణల్లో నెలలో తొలి శుక్రవారం గురువులు మంచాన ఉన్నవాళ్ళకు సత్ప్రసాదం తీసుకువెళ్తారు. ఆ పట్టీలో అమ్మగారి పేరు, ఇంటి గుర్తు రాయించండి. గురువు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు కాసేపు బయటకు వెళ్ళాలని మీ వదినగారికి ముందే చెప్పి ఉంచండి.